గే స్టూడెంట్స్‌కు సేఫ్ కాలేజీ ఏది? అల్మాస్‌గూడ నుంచి టెక్సాస్ దాకా.. సీటు తీసుకునే ముందు చూడాల్సినవి ఇవే!

జనం నోట్లో ఇంకా ఎంసెట్టే. పేరు మాత్రం ఇప్పుడు ఈఏపీసెట్. ర్యాంకు వచ్చిన రోజు నుంచి వెబ్ ఆప్షన్లు క్లోజయ్యే దాకా అల్మాస్‌గూడ, మీర్‌పేట, బడంగ్‌పేట కాలనీల్లో ఏ ఇంట్లో చూసినా ఇదే చర్చ. ఏ కాలేజీ? ఏ బ్రాంచ్? ప్లేస్‌మెంట్స్ ఎలా ఉన్నాయి? కాలేజీ బస్సు మన గల్లీ చివరిదాకా వస్తుందా? బాబాయ్ కొడుకు ఎక్కడ చదివాడు? అందరూ ఏదో ఒకటి అడుగుతారు. కానీ ఒక్క ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు. గే అయిన పిల్లాడు, లెస్బియన్ అయిన అమ్మాయి ఆ కాలేజీలో నాలుగేళ్లు ప్రశాంతంగా చదువుకోగలరా?

అడగాల్సిన వాళ్లే అడగలేరు. ఎందుకంటే, 'ఈ డౌట్ నీకెందుకు వచ్చింది?' అని ఇంట్లో వెంటనే ఎదురు ప్రశ్న వస్తుంది. అందుకే వెతుకులాటంతా రాత్రిపూట ఫోన్‌లో, బ్రైట్‌నెస్ తగ్గించుకుని సాగుతుంది. తీరా గూగుల్‌లో దొరికేవి అమెరికా కాలేజీల లిస్టులు. ఇక్కడ నాదర్‌గుల్ రోడ్డులోనో, ఇబ్రహీంపట్నం వైపో సీటు వచ్చే పిల్లాడికి ఆ లిస్టుతో ఏం పని?

అల్మాస్‌గూడ లాంటి చోట రెండు లోకాలు పక్కపక్కనే ఉంటాయి. నల్గొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం నుంచి వచ్చి ప్లాటు కొనుక్కుని ఇల్లు కట్టుకున్న కుటుంబాలు ఇక్కడ ఎక్కువ. ఇంట్లో ఊరి పద్ధతులే. పండగలు, ఫంక్షన్లు, చుట్టాలు, 'పెళ్లెప్పుడు?' అనే పలకరింపులు. పిల్లల చేతిలోని ఫోన్లో మాత్రం వేరే లోకం. అందులో ప్రైడ్ మార్చ్‌లు, కొరియన్ సిరీస్‌లు, ఇన్‌స్టా రీల్స్. ఆ లోకంలో తనను తాను ఏమనుకోవాలో మాట దొరుకుతుంది, కాకపోతే అది ఇంగ్లిష్ మాట. అదే విషయం అమ్మకు తెలుగులో చెప్పాలంటే మాట దొరకదు. మన టీవీ స్క్రోలింగుల్లో కనిపించే 'స్వలింగ సంపర్కులు' అనే మాటతో ఏ పిల్లాడూ అమ్మ ముందు తన గురించి చెప్పుకోలేడు. వినడానికే అదేదో కేసు సెక్షన్‌లా ఉంటుంది.

కాలేజీ ఎంపిక సరిగ్గా ఈ రెండు లోకాల మధ్యే జరుగుతుంది. అందుకే ఇది కనిపించేంత చిన్న విషయం కాదు.

చట్టం ఎంతవరకు తోడొస్తుంది?

ముందు చట్టం సంగతి చూద్దాం. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు నవ్‌తేజ్ సింగ్ జోహార్ కేసులో తీర్పు ఇచ్చింది. ఇద్దరు మేజర్లు ఇష్టపూర్వకంగా కలిసి ఉండటం నేరం కాదని తేల్చింది. అదే నెల 24న అమీర్‌పేట - ఎల్బీనగర్ మెట్రో మొదలైంది. దిల్‌సుఖ్‌నగర్ వైపు వాళ్లకు ఆ నెల మెట్రో వచ్చిన నెలగానే గుర్తు. 377 తీర్పు చాలా ఇళ్లలో చర్చకే రాలేదు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 377 లాంటి సెక్షనే లేదు. అంతకుముందే, 2017లో పుట్టస్వామి కేసులో, లైంగికత అనేది వ్యక్తిగత గోప్యతలో భాగమని కోర్టు చెప్పింది.

377పై పోరాడిన వాళ్లలో కాలేజీల నుంచి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. ఐఐటీల్లో చదివిన, చదువుతున్న 20 మంది కలిసి 2018లో వేసిన పిటిషన్ కూడా ఆ కేసులో ఒక భాగం.

పెళ్లి విషయంలో మాత్రం కథ వేరు. స్వలింగ వివాహాలకు గుర్తింపు కోరుతూ సుప్రీంకోర్టుకు వెళ్లిన ప్రధాన కేసు హైదరాబాద్‌లో ఉండే జంటదే. సుప్రియో వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా కేసులో 2023 అక్టోబర్ 17న కోర్టు ఆ హక్కు ఇవ్వలేదు. చట్టం చేయాల్సింది పార్లమెంటేనని చెప్పింది.

మరి కాలేజీల సంగతేంటి? గే విద్యార్థి అన్న కారణంతో ఓ ప్రైవేట్ కాలేజీ వివక్ష చూపిస్తే నేరుగా పట్టుకోవడానికి ప్రత్యేక చట్టమంటూ దేశంలో లేదు. 2019లో పార్లమెంటు చేసిన చట్టం ట్రాన్స్‌జెండర్ల కోసం. విద్యాసంస్థల్లో వివక్ష ఉండకూడదని అందులో ఉంది. కానీ గే, లెస్బియన్ విద్యార్థులకు అది వర్తించదు. ఈ రెండింటినీ ఒకటే అనుకుని కాలేజీ వాళ్లు 'మా దగ్గర థర్డ్ జెండర్ కాలమ్ ఉంది కదా' అనేస్తుంటారు. ఆ కాలమ్‌కీ, హాస్టల్ రూంలో ఎగతాళికి గురయ్యే గే కుర్రాడికీ సంబంధం లేదు.

అమ్మానాన్న సంతకం పెట్టే 3వ క్లాజు

అయితే ప్రత్యేక చట్టం లేకపోయినా చాలామందికి తెలియని ఒక రూల్ ఉంది. అదే యాంటీ ర్యాగింగ్ రూల్.

యూజీసీ 2009లో యాంటీ ర్యాగింగ్ రెగ్యులేషన్స్ తెచ్చింది. ర్యాగింగ్ అంటే ఏంటో అందులో 3వ క్లాజు చెబుతుంది. 2016లో దాన్ని సవరించారు. రంగు, మతం, కులం, జెండర్, ప్రాంతం, భాష, ఆర్థిక పరిస్థితి లాంటి కారణాలతో ఓ విద్యార్థిని శారీరకంగా గానీ మానసికంగా గానీ వేధించడం, వెలివేసినట్టు చూడటం కూడా ర్యాగింగే అని చేర్చారు. ఆ లిస్టులోనే 'సెక్సువల్ ఓరియంటేషన్' అనే మాట కూడా ఉంది. అంటే క్లాసులో 'వీడు తేడా రా' అంటూ రోజూ ఏడిపించడం, గ్రూపులోంచి కావాలని వెలేయడం జోక్ కిందకు రావు. రూల్ ప్రకారం అవి ర్యాగింగ్.

అసలు విశేషం ఏంటంటే, అడ్మిషన్ అప్పుడు ఇచ్చే యాంటీ ర్యాగింగ్ అఫిడవిట్‌లో 'ముఖ్యంగా 3వ క్లాజు చదివాను, ర్యాగింగ్ అంటే ఏంటో తెలుసు' అని ఉంటుంది. దాన్ని విద్యార్థి ఒక్కడే ఇస్తే సరిపోదు. తల్లిదండ్రులు కూడా విడిగా ఇవ్వాలి. అంటే అల్మాస్‌గూడలో ఉండే నాన్న, తన కొడుకు గురించి తనకు తెలియకపోయినా, లైంగికత పేరుతో ఎవరినీ వేధించకూడదన్న నిబంధనకు ఒప్పుకుని సంతకం పెట్టినట్టే. చదివి పెట్టేవాళ్లు ఎంతమంది అన్నది వేరే విషయం.

ఇంకోటి. లైంగిక వేధింపులపై యూజీసీ 2015 రెగ్యులేషన్స్ ప్రకారం ప్రతి కాలేజీలో ఇంటర్నల్ కంప్లైంట్స్ కమిటీ ఉండాలి. ఈ కమిటీ అమ్మాయిల కోసమేనని అందరూ అనుకుంటారు. బాధితుల్లో ఎక్కువ మంది ఆడవాళ్లే అయినా, కొందరు అబ్బాయిలు, థర్డ్ జెండర్ విద్యార్థులు కూడా ఉంటారని ఆ రెగ్యులేషన్స్‌లోనే రాసి ఉంది. కాబట్టి అబ్బాయి వెళ్లి ఫిర్యాదు ఇస్తే 'ఇది లేడీస్ కమిటీ' అని వెనక్కి పంపడానికి వీల్లేదు.

వీటికి తోడు 2025 జులైలో మరో తీర్పు వచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఓ విద్యార్థిని మృతి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ కేసులో కోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న సంస్థ కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్‌ను పెట్టుకోవాలి. కులం, జెండర్, లైంగికత లాంటి కారణాలతో జరిగే వేధింపులపై గోప్యంగా ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలి. కోచింగ్ సెంటర్లకూ ఇది వర్తిస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద బోర్డులు లెక్కపెడితే ఈ మాట ఎన్ని సంస్థలకు తగులుతుందో తెలుస్తుంది.

నల్సార్ ఏం చేసింది?

హైదరాబాద్‌లో ఈ విషయంలో అందరికంటే ముందు చెప్పుకోవాల్సిన పేరు శామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీ. 2015లో ఓ విద్యార్థి తన సర్టిఫికెట్‌లో 'మిస్' గానీ 'మిస్టర్' గానీ వద్దని, జెండర్ చెప్పని 'ఎంఎక్స్' అని పెట్టాలని కోరితే, యూనివర్సిటీ అలాగే ఇచ్చింది. 2022 మార్చిలో జీహెచ్-6 హాస్టల్ గ్రౌండ్ ఫ్లోర్‌ను జెండర్ న్యూట్రల్‌గా ప్రకటించింది. తాము ఎల్‌జీబీటీక్యూ అని చెప్పుకునే విద్యార్థులకు అక్కడ రూములు కేటాయించింది. అకడమిక్ బ్లాక్‌లో జెండర్ న్యూట్రల్ వాష్‌రూం కూడా పెట్టింది.

దేశంలో ఇంకా కొన్ని ఉన్నాయి. ముంబై టిస్‌లో 2017లోనే జెండర్ న్యూట్రల్ హాస్టల్ వచ్చింది. ఐఐటీ బాంబేలో 'సాథీ' అనే విద్యార్థుల గ్రూపు 2011 నుంచి ఉంది. ఐఐటీ ఢిల్లీలో 'ఇంద్రధను' ఉంది.

నల్సార్ ఉదాహరణలో గమనించాల్సింది ప్రైడ్ జెండా గురించి కాదు. రూము, బాత్రూం, సర్టిఫికెట్ గురించి. రోజూ చేతికి తగిలే విషయాలు ఇవే. జూన్ నెలలో ఇన్‌స్టాలో రెయిన్‌బో పోస్ట్ పెట్టిన కాలేజీలు చాలా ఉంటాయి. పోస్ట్ పెట్టడానికి ఖర్చు లేదు. ఒక ఫ్లోర్ కేటాయించాలంటే మాత్రం కమిటీ కూర్చోవాలి, వార్డెన్ ఒప్పుకోవాలి, ఎవరో ఒకరు సంతకం పెట్టాలి.

ర్యాంకు, బస్సు, ఇంగ్లిష్.. మూడు గోడలు

ఇక్కడే అసలు చిక్కు. పైన చెప్పిన కాలేజీల్లో సీటు ఎలా వస్తుంది? నల్సార్‌కు క్లాట్ రాయాలి. ఐఐటీలకు జేఈఈ అడ్వాన్స్‌డ్. గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ. అల్మాస్‌గూడలో ఇంటర్ ఎంపీసీ చదివిన ఎక్కువ మంది మాత్రం ఈఏపీసెట్ రాసి జేఎన్టీయూహెచ్, ఓయూ అనుబంధ కాలేజీల్లో చేరతారు. డిగ్రీ అయితే 'దోస్త్' ద్వారా. అంటే 'గే ఫ్రెండ్లీ' అని పేరున్న క్యాంపస్ మొదట ర్యాంకు అనే గోడ వెనక ఉంది.

రెండో గోడ దూరం. నల్సార్ సిటీకి ఉత్తరాన, సెంట్రల్ యూనివర్సిటీ పడమర చివర, ఐఐటీ హైదరాబాద్ సంగారెడ్డి దగ్గర కందిలో. అల్మాస్‌గూడ సిటీకి తూర్పు, దక్షిణాల మధ్య ఓ మూల. ఎల్బీనగర్ మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గం దాకా వెళ్లినా, సెంట్రల్ యూనివర్సిటీకి అక్కడి నుంచి మళ్లీ బస్సో ఆటోనో పట్టుకోవాలి. రోజూ అంత దూరం తిరగలేరు. హాస్టల్‌లో ఉండాలి. ఉన్న సిటీలోనే హాస్టల్ ఎందుకని ఇంట్లో అడుగుతారు.

మూడో గోడ గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. అది ఇంగ్లిష్. పెద్ద క్యాంపస్‌లలో క్వీర్ గ్రూపుల మీటింగులు, పోస్టర్లు, జోకులు అన్నీ ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. మెట్రో సిటీల్లో ఇంటర్నేషనల్ స్కూల్లో చదివి వచ్చిన పిల్లలు అక్కడ చకచకా కలిసిపోతారు. తెలుగు మీడియంలో పదో తరగతి చదివి, ఇంటర్‌లో కార్పొరేట్ కాలేజీ గోడల మధ్య రెండేళ్లు బట్టీ పట్టి వచ్చిన కుర్రాడికి అక్కడ మరో రకం ఒంటరితనం ఎదురవుతుంది. ఇంట్లో గే అని చెప్పలేడు, గ్రూపులో తన ఊరు, తన కులం, నాన్న చేసే పని గురించి చెప్పడానికి జంకుతాడు. 'ఫ్రెండ్లీ' అన్న ట్యాగ్ ఎవరికి ఫ్రెండ్లీ అని కూడా చూసుకోవాలి. సీటు వచ్చిన ప్రతి వాడికీ అక్కడ చోటు దొరికినట్టు కాదు.

దీనికి రివర్స్ కేసు కూడా ఉంది. అమెరికాలోనో, గల్ఫ్‌లోనో పెరిగి ఎన్నారై కోటాలో ఇక్కడి మెడికల్, ఇంజినీరింగ్ కాలేజీలకు వచ్చే తెలుగు పిల్లలు. ముఖ్యంగా అమెరికా హైస్కూల్లో అందరికీ చెప్పేసి స్వేచ్ఛగా తిరిగిన వాళ్లు ఇక్కడ హాస్టల్లో మళ్లీ అన్నీ దాచుకోవాల్సి వస్తుంది. వాళ్లకు తెలుగు అంతంతమాత్రం, ఇక్కడ ఎవరితో ఏం మాట్లాడొచ్చో అసలే తెలియదు.

ఇంటి నుంచా? హాస్టల్ నుంచా?

ఇంటి నుంచి రోజూ వెళ్లొచ్చే డే స్కాలర్‌కు కాలేజీ ఎంత మంచిదైనా అది తొమ్మిది నుంచి నాలుగు దాకానే. సాయంత్రం కాలేజీ బస్సు దిగాక మళ్లీ అదే గల్లీ, అదే మేనత్త ఫోన్లు. క్లబ్ మీటింగులు సాయంత్రాలే ఉంటాయి, బస్సు వెళ్లిపోతుంది. అలాగని ఇంటి నుంచి చదవడం తప్పేం కాదు. ఖర్చు తక్కువ, అమ్మ చేతి తిండి, ర్యాగింగ్ భయం తక్కువ. ఇంట్లో వాతావరణం కాస్త మెత్తగా ఉంటే అదే మంచిది కూడా.

హాస్టల్ అంటే స్వేచ్ఛ అని కూడా అనుకోవద్దు. మన ప్రైవేట్ కాలేజీల్లో చాలా వరకు తల్లిదండ్రులకు జవాబు చెప్పేలా నడుస్తాయి. అటెండెన్స్ తగ్గితే నాన్నకు మెసేజ్, లీవ్ కావాలంటే అమ్మ ఫోన్ చేయాలి. లేడీస్ హాస్టళ్లలో ఇది రెండింతలు. ఇద్దరు అమ్మాయిలు మరీ కలిసి తిరుగుతున్నారని వార్డెన్‌కు అనుమానం వస్తే, ముందు వెళ్లేది ఇంటికి ఫోన్. వేధించిన వాడి ఇంటికి వెళ్లాల్సిన ఫోన్ వేధింపు పడిన వాడి ఇంటికి వెళ్లడమే మన దగ్గర అతి పెద్ద భయం. ఫిర్యాదులు బయటకు రాకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

అందుకే కాలేజీని ఒకే ఒక్క ప్రశ్న అడగాల్సి వస్తే అది ఇదీ: 'స్టూడెంట్ కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే ఆ విషయం ఇంట్లో చెబుతారా?'

2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు ఉంది. లైంగికతను బట్టి వివక్ష చూపకూడదని కూడా అదే చట్టం చెబుతోంది. అయితే ఇంటర్ అయ్యాక బీటెక్‌లో చేరే చాలామందికి 17 ఏళ్లే. మైనర్ అయితే తల్లిదండ్రుల పాత్ర మధ్యలోకి వస్తుంది. 18 నిండిన రోజు నుంచి లెక్క మారుతుంది. పుట్టినరోజు ఎప్పుడో చూసుకుని మాట్లాడటం కూడా తెలివే.

ఇంకో మాట. 'ట్రీట్‌మెంట్ ఇప్పిస్తే మారిపోతాడు' అనే డాక్టర్లు ఇంకా ఉన్నారు. ఇది జబ్బు కాదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. మద్రాస్ హైకోర్టు ఆదేశాల తర్వాత, 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ 'కన్వర్షన్ థెరపీ'ని డాక్టర్ల వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా తేల్చింది. కాలేజీ కౌన్సెలర్ అలాంటి చోటికి పంపుతానంటే, అక్కడి నుంచి లేచి వచ్చేయడమే.

చెప్పకుండానే అడగడం ఎలా?

సీటు కోసం చూస్తున్న విద్యార్థి తన గురించి ఎవరికీ చెప్పాల్సిన అవసరం లేదు. ప్రశ్నలు మామూలుగానే అడగొచ్చు. కాలేజీ వెబ్‌సైట్‌లో ఇంటర్నల్ కంప్లైంట్స్ కమిటీ పేజీ ఉందా? అందులో పేర్లు, ఫోన్ నంబర్లు ఈ ఏడాదివేనా, లేక రిటైరైపోయిన మేడం పేరే ఇంకా ఉందా? యాంటీ ర్యాగింగ్ పాలసీ పీడీఎఫ్ తెరిచి చూస్తే 2016 సవరణ అందులో కలిపారా, 2009 నాటిదే స్కాన్ చేసి పెట్టారా? ఇది రెండు నిమిషాల పని. కాలేజీ ఆ కాగితాన్ని ఎంత సీరియస్‌గా తీసుకుందో దాంతోనే తెలిసిపోతుంది.

క్యాంపస్ చూడటానికి వెళ్లినప్పుడు సీనియర్లను 'ఇక్కడ జెండర్ సెల్ ఏమైనా ప్రోగ్రామ్స్ చేస్తుందా?' అని అడిగితే చాలు. వాళ్లు నవ్వే తీరులో, చూసుకునే చూపుల్లో సగం జవాబు దొరుకుతుంది. లైబ్రరీ, కల్చరల్ ఫెస్ట్, డ్రామా క్లబ్, ఫిల్మ్ క్లబ్ ఉన్నాయా అన్నది కూడా పనికొచ్చే ఆనవాలు. క్వీర్ గ్రూపు లేని కాలేజీల్లో సాధారణంగా ఇలాంటి పిల్లలు చేరేది అక్కడే.

ముందే జాగ్రత్త పడటానికి ఇంకో కారణం ఉంది. ఇక్కడ ఒకసారి చేరాక కాలేజీ మారడం తేలిక కాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. అయినా ఫీజు బకాయి పేరుతో సర్టిఫికెట్లు ఆపుతున్నారన్న ఫిర్యాదులు తెలంగాణలో ఏటా వింటూనే ఉన్నాం. కాబట్టి జిరాక్స్ ఇచ్చి, ఒరిజినల్స్ వెరిఫికేషన్ అయ్యాక వెనక్కి తీసుకోవడం మంచిది. ఇది అందరికీ పనికొచ్చే మాటే. రేపు హాస్టల్ వదిలి రావాల్సిన పరిస్థితి వచ్చే పిల్లాడికి ఇంకా ఎక్కువ.

దిల్‌సుఖ్‌నగర్ కన్సల్టెన్సీలో ఎవరూ చెప్పని విషయం

'ఇక్కడ కాదు, ఎమ్మెస్‌కు వెళ్లిపోతే అన్నీ సెట్ అయిపోతాయి' అన్నది ఈ పిల్లల్లో చాలామంది ఆశ. అందులో నిజం కొంత ఉంది. అమెరికాలో 2015 నుంచి స్వలింగ వివాహం దేశమంతా చెల్లుతుంది. కెనడాలో 2005 నుంచే. బ్రిటన్‌లో 2010 ఈక్వాలిటీ యాక్ట్ లైంగికత పేరుతో వివక్షను యూనివర్సిటీల్లో కూడా నిషేధిస్తుంది. అమెరికాలో 'క్యాంపస్ ప్రైడ్' అనే సంస్థ 2007 నుంచి కాలేజీలకు స్టార్ రేటింగ్ ఇస్తోంది. ఆ రేటింగ్ కాలేజీలు తమంతట తాము ఇచ్చే వివరాల మీద ఆధారపడి ఉంటుంది. అందుకే స్టార్లు లెక్కపెట్టి ఊరుకోకుండా హౌసింగ్, కౌన్సెలింగ్ వివరాలు విడిగా చదవాలి.

కానీ మన వాళ్లు ఎక్కువగా వెళ్లేది ఎక్కడికి? టెక్సాస్ ఆ లిస్టులో పైనే ఉంటుంది. డాలస్ అంటే తెలుగు వాళ్లకు రెండో అమీర్‌పేట. ఆ రాష్ట్రంలో ఎస్‌బీ 17 అనే చట్టం 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ యూనివర్సిటీల్లో డైవర్సిటీ ఆఫీసులు ఉండకూడదన్నది దాని సారాంశం. యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్ తన ఎల్‌జీబీటీక్యూ రిసోర్స్ సెంటర్‌ను 2023లోనే మూసేసింది. ఫ్లోరిడా కూడా 2023లో అదే దారిలో చట్టం చేసింది. అంటే నాలుగేళ్ల కిందటి 'టాప్ గే ఫ్రెండ్లీ యూనివర్సిటీస్' వీడియో చూసి అప్లై చేస్తే, అక్కడికి వెళ్లేసరికి ఆ ఆఫీసే ఉండకపోవచ్చు. విద్యార్థి గ్రూపులు, కౌన్సెలింగ్ సెంటర్లు మాత్రం వేరే లెక్క, అవి ఇప్పటికీ నడుస్తున్నాయా అన్నది యూనివర్సిటీ సైట్‌లో చూసుకోవాలి.

ఎంబీబీఎస్ కోసం వెళ్లేవాళ్లకు ఇది ఇంకా సీరియస్. ఉజ్బెకిస్థాన్‌లో మగవాళ్ల మధ్య సంబంధం ఇప్పటికీ నేరమే, జైలు శిక్ష పడుతుంది. రష్యాలో 2023 నవంబర్‌లో అక్కడి సుప్రీంకోర్టు 'ఎల్‌జీబీటీ ఉద్యమం' మొత్తాన్నీ తీవ్రవాదంగా ప్రకటించింది. జార్జియా 2024లో ఎల్‌జీబీటీ విషయాల ప్రచారంపై ఆంక్షలతో చట్టం తెచ్చింది. ఈ మూడు దేశాల పేర్లూ దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ కన్సల్టెన్సీల బోర్డుల మీద పెద్ద అక్షరాల్లో ఉండేవే. ఫీజు, హాస్టల్, ఇండియన్ మెస్ గురించి గంట చెప్పే కౌన్సెలర్ ఈ ఒక్క మాట చెప్పడు. తెలియకపోవచ్చు కూడా. ఇండియాలో నేరం కానిది అక్కడ నేరం కావచ్చు. ఫోన్‌లో ఉన్న యాప్ కూడా అక్కడ సమస్య తెచ్చిపెట్టొచ్చు.

ఇక రూమ్మేట్స్. వీసా రాగానే వాట్సాప్ గ్రూపులో చేరడం, నలుగురు తెలుగు కుర్రాళ్లు కలిసి అపార్ట్‌మెంట్ తీసుకోవడం మామూలే. అద్దె తగ్గుతుంది, పప్పు కూర వండుకోవచ్చు. కానీ ఆ నలుగురిలో ఒకడి పిన్ని వనస్థలిపురంలోనే ఉంటుంది. డాలస్ బెడ్రూంలో జరిగిన మాట మర్నాటికి బడంగ్‌పేట చేరడానికి విమానం అక్కర్లేదు. మొదటి సెమిస్టర్ క్యాంపస్ హౌసింగ్‌లో ఉండటం ఖర్చే అయినా, అక్కడ ఎవరు ఎలాంటి వాళ్లో తెలుసుకునేదాకా కాస్త ఊపిరి దొరుకుతుంది.

ఒక మంచి విషయం ఉంది. అమెరికాలో ఫెర్పా అనే 1974 నాటి చట్టం ప్రకారం, కాలేజీలో చేరిన విద్యార్థి రికార్డులపై హక్కు విద్యార్థిదే. కొన్ని మినహాయింపులు తప్ప, మార్కుల మెమో కూడా విద్యార్థి ఒప్పుకోకుండా ఇంటికి పంపరు. అటెండెన్స్ తగ్గితే నాన్నకు మెసేజ్ వెళ్లే అలవాటున్న మనవాళ్లకు ఇది వింతగానే ఉంటుంది.

స్వేచ్ఛకు ఇంకో వైపు అప్పు. ఎడ్యుకేషన్ లోన్‌లో కో-అప్లికెంట్ సాధారణంగా నాన్నే. తాకట్టు పెట్టేది ఏళ్ల తరబడి చీటీలు కట్టి కొన్న ప్లాటే. ఆ లోన్ తీరేదాకా ఇంట్లో ఈ విషయం చెప్పకూడదని చాలామంది అనుకుంటారు. అది పిరికితనమని పక్కవాళ్లు తేల్చేయడం తప్పు. ఆ ప్లాటు విలువ వాళ్లకు తెలుసు.

ఇంట్లో చెప్పాలా?

కాలేజీలో చేరాలంటే ఇంట్లో చెప్పి తీరాలన్న రూల్ ఏమీ లేదు. విదేశీ వెబ్‌సైట్లలో 'కమింగ్ అవుట్' ఓ పండగలా కనిపిస్తుంది. ఫీజు కట్టేది, తిండి పెట్టేది, ఇంటి అద్దంలో ముఖం చూసుకోనిచ్చేది తల్లిదండ్రులే అయినప్పుడు టైమింగ్ చూసుకోవడం తప్పనిసరి. చదువు మధ్యలో చెబితే కాలేజీ మాన్పించి, సంబంధాలు చూడటం మొదలుపెట్టే ఇళ్లు ఉన్నాయి. అమ్మాయిల విషయంలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. 18 నిండిన వాళ్లను ఇంట్లో నిర్బంధిస్తే కోర్టుకు వెళ్లొచ్చు. అలాంటి కేసుల్లో, లైంగికతను మార్చే ఉద్దేశంతో కోర్టులు కౌన్సెలింగ్‌కు పంపకూడదని 2024 మార్చిలో కేరళకు చెందిన దేవు జి.నాయర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

అదే సమయంలో, తల్లిదండ్రులందరూ ఒకేలా ఉండరు. 'స్వీకార్' అనే తల్లిదండ్రుల గ్రూపు ఉంది. గే, లెస్బియన్, ట్రాన్స్ పిల్లలున్న అమ్మానాన్నలే దాన్ని నడుపుతున్నారు. 2023 ఏప్రిల్‌లో ఈ గ్రూపులోని 400 మందికి పైగా తల్లిదండ్రులు తమ పిల్లల పెళ్లిళ్లకు చట్టబద్ధత ఇవ్వాలంటూ చీఫ్ జస్టిస్‌కు లేఖ రాశారు. అమెరికాలోని దక్షిణాసియా కుటుంబాల కోసం 'దేశీ రెయిన్‌బో' పనిచేస్తోంది. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 1986లో మొదలైన 'త్రికోణ్' అయితే ఇప్పుడు కాలేజీకి వెళ్తున్న పిల్లల కంటే, చాలా సందర్భాల్లో వాళ్ల అక్కాబావల కంటే కూడా పెద్దది. హైదరాబాద్‌లో ప్రైడ్ మార్చ్ 2013లో మొదలైంది. అక్కడికి మాస్క్ పెట్టుకుని వచ్చి, ఓ పక్కన నిలబడి చూసి వెళ్లే కుర్రాళ్లు కూడా ఉంటారు. అలా వచ్చినా ఎవరూ ఏమీ అనరు.

కొత్త కాలేజీ, కొత్త ఊరు అనగానే డేటింగ్ యాప్‌లలో తొందరపడొద్దు. ఫేక్ ప్రొఫైల్‌తో పిలిచి, వీడియో తీసి, 'ఇంట్లో చెబుతాం' అని బెదిరించి డబ్బులు గుంజే ముఠాలు ఉన్నాయి. ఇంట్లో తెలిసిపోతుందన్న భయమే వాళ్ల పెట్టుబడి. డబ్బు పంపడం మొదలుపెడితే అది ఆగదు. స్క్రీన్‌షాట్లు దాచుకుని సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయాలి. ఫిర్యాదులో చెప్పాల్సింది బెదిరింపు గురించి, తన లైంగికత గురించి కాదు.

కాలేజీలో వేధింపులు ఎదురైతే యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522. మనసు బాగోలేకపోతే, ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలి మానస్ 14416. ఇది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.